తోటలోని సమాధి

పాఠములు: యోహాను 19:38–42, యాకోబు 2:1–9



మన ప్రభువునకు స్వంత సమాధి లేదు. ప్రతి శుభ శుక్రవారమున ఈ సంగతి చదువుచున్నాము గాని, దానియొద్ద నిలిచి ఆలోచించుట తక్కువ. ఆయన సిలువ వేయబడిన స్థలమున ఒక తోట యుండెననియు, ఆ తోటలో ఇంకను ఎవరిని ఉంచని క్రొత్త సమాధి యుండెననియు యోహాను వ్రాసెను. అది అరిమతయి యోసేపు తన కొరకు రాతిలో తొలిపించుకొన్నదని మత్తయి చెప్పుచున్నాడు. యోసేపు ధనవంతుడు, ఆలోచన సభలో పేరుగలవాడు. ప్రభువైతే నజరేతు వడ్లవాని యింట పెరిగినవాడు, నేరస్థుల మధ్య చంపబడినవాడు. అట్టివానిని తన కుటుంబము కొరకు సిద్ధపరచుకొన్న చోట పెట్టినయెడల రేపు తన బంధువులు ఏమందురో యోసేపు ఎరుగనివాడు కాడు. అయినను పెట్టెను. మన రక్షకుడు ఇతరుల సమాధిలో పండుకొనెను.

మన తెలుగు క్రైస్తవులు పాతిపెట్టు స్థలమును శ్మశానమనక సమాధుల తోట అని పిలుచుకొనుట ఎంతో చక్కని అలవాటు. ఈ మాసము అట్టి తోట నొకదానిని గూర్చి వ్రాయుచున్నాము. అది మన కొండవీటి కొండల నీడన లేదు, బహు దూరముననున్నది. అయితే దానికిని మన ఎడ్లపాడు ప్రాంతపు సంఘములకును సంబంధము లేకపోలేదు. చదువుచు పోయినకొలది అది మీకే తెలియును.

మన సంఘములో పుట్టి పెరిగి, ఇప్పుడు అమెరికా దేశములో ఫిలడెల్ఫియా పట్టణమునకు సమీపమున కాపురమున్న ఒక కుటుంబమువారు తమ బిడ్డ బాప్తిస్మమునకు మమ్మును రప్పించుకొనిరి. ఆ దినములలో ఒక ఆదివారము, "అయ్యగారూ, మన ఫాదర్ హైయర్ గారు చిన్నప్పుడు తిరిగిన వీధులు చూపెదము రండి" అని పిలిచి, ఆర్చి వీధిలోనున్న క్వేకరుల కూడిక మందిరమునకు తీసికొనిపోయిరి.

క్వేకరులనగా ఎవరో మనలో అనేకులకు తెలియదు గనుక కొంచెము చెప్పవలెను. నాలుగు వందల సంవత్సరముల క్రిందట, 1624లో, ఇంగ్లండు దేశమున జార్జి ఫాక్సు అనునతడు పుట్టెను. పెద్ద గుడులు, బిరుదులు, దశమభాగముల వసూలు చూచి విసిగి, దేవుడు ప్రతి మనుష్యుని హృదయములో నేరుగా మాటలాడునని బోధించెను. ఆయనతో కూడుకొనినవారు తమ్మును స్నేహితులని పిలుచుకొనిరి. దేవుని వాక్యమునకు వణకుడని ఫాక్సు చెప్పుటచేత ఒక న్యాయాధిపతి ఎగతాళిగా క్వేకరులు, అనగా వణకువారు, అని పేరు పెట్టెను. ఆ పేరే నిలిచెను. వారు రాజు ఎదుటనైనను టోపీ తీయరు, ఒట్టు పెట్టుకొనరు, యుద్ధమునకు పోరు. ఈ కారణములచేత వేలకొలది మంది చెరసాలల పాలైరి.

వారి ఆరాధనలో పాస్టరు లేడు, పీఠము లేదు, పాట లేదు. అందరును మౌనముగా కూర్చుందురు. ఎవనినైనను ఆత్మ ప్రేరేపించినయెడల అతడు లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుండును. ఎవరును లేవనియెడల గంటసేపు మౌనముగానే కూర్చుండి, ఒకరి చేతులు ఒకరు పట్టుకొని కలిపి లేచిపోవుదురు. (పాస్టరు లేనియెడల జీతము మిగులునని మన పెద్దలెవరైనను సంతోషించెదరేమో, తొందరపడవద్దని మనవి.) వారు నీటి బాప్తిస్మమును, ప్రభురాత్రి భోజనమును ఆచరింపరు. ఈ విషయములో మనము లూథరను సంఘస్థులముగా వారితో ఏకీభవింపము. ప్రభువు ఇయ్యుడని చెప్పినదానిని, చేయుడని చెప్పినదానిని మనము విడువలేము. అయినను ఒకని బోధలో కొరత యున్నంతమాత్రమున అతని యింట నేర్చుకొనదగినదేదియు లేదనుట తగదు.

ఆ మందిరము ఎర్ర ఇటుకలతో కట్టిన పెద్ద ఇల్లు. శిఖరము లేదు, గంట లేదు, సిలువ కూడ లేదు. 1804 ప్రాంతమున కట్టిరి. పడమటి భాగము 1811 నాటికి పూర్తియయ్యెను. కట్టడము నడిపించిన ఓవెను బిడిలు అను వడ్రంగి 1806లోనే చిన్న వయస్సున చనిపోయెను. లోపల వరుస వరుసలుగా చెక్క బల్లలు, ఎత్తైన కిటికీలు, వాటి గుండ వచ్చు వెలుగు. ఇంతే. మేము వెనుక బల్లమీద కూర్చుంటిమి. మొదటి పది నిమిషములు మాకు బహు కష్టముగా నుండెను. నోరు మూసికొనుటకు పాస్టరునకు అభ్యాసము తక్కువ. తరువాత మా శ్వాస మాకే వినబడెను. ఆ తరువాత ఇంటియొద్ద విడిచివచ్చిన తగవులు ఒక్కొక్కటే మనస్సునకు వచ్చెను. ఏలీయా హోరేబు కొండమీద గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను యెహోవాను కనుగొనక, అవి పోయిన తరువాత వినెను గదా. మన గుడులలో ఇప్పుడు నాలుగు వైపుల లౌడుస్పీకర్లు, ఎలక్ట్రిక్ డోళ్లు. పాటకు మేము విరోధులము కాము. అయితే ఆరాధనలో దేవుడు మాటలాడుటకు మనము రెండు నిమిషములైనను విడుచుచున్నామా అని అప్పుడు మాకు తోచెను.

కూడిక ముగిసిన తరువాత ఆవరణములోనికి వచ్చితిమి. చెట్లు, పచ్చని గడ్డి, చుట్టు ఇటుకగోడ. అది తోటయనుకొని నడచుచుండగా మాతోనున్నవారు, "మనము నడచుచున్నది సమాధులమీదనే" అనిరి. మేము ఆగిపోతిమి. కన్నులెత్తి చూడగా ఎత్తైన సమాధి ఒకటియు లేదు.

ఆ నేలను 1701లో విలియము పెన్ను అనునతడు పాతిపెట్టు స్థలముగా క్వేకరులకు వ్రాసియిచ్చెను. సమాధిమీద రాయి నిలుపుట, పేరు చెక్కుట గర్వమని పూర్వపు క్వేకరులు ఎంచిరి గనుక ధనవంతుడు ఎక్కడ, దరిద్రుడు ఎక్కడ అని గుర్తుపట్టు ఉపాయము లేదు. 1793లో ఆ పట్టణమునకు పచ్చజ్వరము వచ్చెను. యాబది వేల జనములో సుమారు అయిదు వేల మంది మూడు నెలలలో చనిపోయిరి. పదిమందిలో ఒకరు! ఆ మృతులలో అనేకులు ఆ గడ్డి క్రిందనే యున్నారు. అప్పుడు రోగులను చూచుటకును, శవములను మోయుటకును స్వజనులే వెనుదీయగా, రిచర్డు ఆలెను, అబ్సలోము జోన్సు అను నల్లజాతి క్రైస్తవ నాయకులు తమవారిని కూడగట్టుకొని ఇంటింటికి పోయి పరిచర్య చేసిరి. నల్లవారికి ఆ జ్వరము అంటదని వైద్యులు చెప్పిరి. అది అబద్ధమని తేలునప్పటికి వారిలోను అనేకులు చనిపోయిరి.

ఈ విలియము పెన్నును గూర్చియు చెప్పవలెను, ఏలయనగా మన కథ అతనితోనే కలియుచున్నది. అతడు నౌకాసేనాధిపతి కుమారుడు, యౌవనమున క్వేకరయ్యెను. 1670లో లండను వీధిలో ప్రసంగించినందుకు అతనిని న్యాయస్థానమునకు తెచ్చిరి. పండ్రెండుగురు జ్యూరీవారు అతడు నేరస్థుడని చెప్పుటకు నిరాకరించిరి. న్యాయాధిపతులు వారిని అన్నపానములు లేకుండ గదిలో మూసివేసిరి. అయినను వారు మాట మార్చలేదు. తరువాత ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు పెన్ను తండ్రికి పడియున్న పదునారు వేల పౌనుల అప్పునకు బదులుగా 1681లో అమెరికాలో విస్తారమైన భూమిని అతనికి వ్రాసియిచ్చెను. అదే పెన్సిల్వేనియా, అనగా పెన్ను అడవి. దేవుని నమ్ముకొన్నవానిని అతని మనస్సాక్షినిబట్టి ఎవరును బాధింపరాదని అతడు ఆ దేశమునకు చట్టము చేసెను. ఆ మాట విని జర్మను దేశమునుండి నలిగినవారు, పేదవారు ఓడలెక్కి వచ్చిరి. వారిలో మన లూథరనులు అనేకులు. వారి కొరకు ముల్లెన్‌బర్గు గారు 1742లో వచ్చి, 1748లో పెన్సిల్వేనియా సినడును స్థాపించిరి.

ఆర్చి వీధి మందిరమునకు కూతవేటు దూరమున లూథరనుల సీయోను గుడి యుండెను. నేడది అక్కడ లేదు. పచ్చజ్వరము వచ్చిన ఆ 1793లోనే జర్మనీలో పుట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరికు హైయర్, తన పదునాలుగవ యేట, 1807లో ఫిలడెల్ఫియాకు చేరెను. అప్పటికి ఈ ఇటుక మందిరము క్రొత్తది. ఆ బాలుడు దాని ముందుగా నడచియుండెనని తలంచుట తప్పు కాదు. ఆయనే పెన్సిల్వేనియా సినడు మిషనెరీగా బయలుదేరి 1842 జూలై 31న గుంటూరు చేరెను. కలెక్టరు స్టోక్సు దొరగారు ఆయనకు ఆశ్రయమిచ్చిరి. మధ్య స్వదేశమునకు పోయి, యాబది యేండ్లు దాటిన వయస్సున వైద్యము చదివి పట్టా పుచ్చుకొని మరల వచ్చి, 1849లో పల్నాడు ప్రవేశించి గురజాలలో నివసించెను. డెబ్బదియారవ యేట, 1869లో, మరియొకసారి రాజమహేంద్రవరమునకు వచ్చెను! ఇప్పుడు ఎడ్లపాడు కూడ 2022నుండి పల్నాడు జిల్లాలోనిదే గనుక ఆ పేరు మనకు మరింత దగ్గరయైనది. మన తాత ముత్తాతలకు సువార్త తెచ్చిన సంఘము వేరుపారుటకు చోటిచ్చినవాడు, మన బాప్తిస్మమును ఒప్పుకొనని ఒక క్వేకరు. యోసేపు సమాధివలె ఇదియు ఇతరుల చోటే.

ఇంతవరకు చెప్పి ఆపినయెడల అందమైన కథ యగును. అయితే నిజము ఇంకను కలదు. పెన్ను బానిసలను ఉంచుకొన్నవాడే. క్వేకరులలో అనేకులు అట్లే చేసిరి. 1688లోనే జర్మనుటౌనులో నలుగురు మనుష్యులు అది తప్పని వ్రాసి సంతకములు చేసిరి గాని పెద్దలు ఆ కాగితమును ప్రక్కన పెట్టిరి. తరువాత జాన్ ఉల్మను అను దర్జీ లేచెను. యౌవనమున యజమానుని మాటనుబట్టి ఒక నల్లజాతి స్త్రీని అమ్మిన పత్రము వ్రాసి, దానివలన మనస్సు నొచ్చుకొని, తరువాత అట్టి పత్రములు వ్రాయుటకు నిరాకరించెను. ముప్పది సంవత్సరములు ఊరూర తిరిగి, తన సంఘస్థుల యిండ్లలో కూర్చుండి, కోపపడక, విడువక వారితో మాటలాడెను. అతడు 1772లో చనిపోయెను. నాలుగేండ్లకు, 1776లో, బానిసలను ఉంచుకొన్నవారికి తమలో పాలు లేదని ఫిలడెల్ఫియా క్వేకరులు తీర్మానించిరి. దేశమంతటికంటె దాదాపు తొంబది యేండ్లు ముందు!

అయినను మరియొకటి మిగిలెను. అది ఒక బల్ల.

సారా డగ్లసు అను నల్లజాతి ఉపాధ్యాయిని తన తల్లి గ్రేసుతో కలిసి ఈ ఆర్చి వీధి కూడికకు వచ్చుచుండెడిది. అక్కడ నల్లవారి కొరకు ప్రత్యేకముగా ఒక బల్ల యుండెను. ఎవరైనను తెలియక అక్కడ కూర్చుండబోవగా, ఇది నల్లవారి బల్ల యని చెప్పి లేపుచుండిరి. ఒక్క ఆరాధనలోనే ఆ మాట పలుమార్లు తన చెవిని పడెనని ఆమె 1837లో ఉత్తరము వ్రాసెను. పీఠము లేదు, సింహాసనము లేదు, టోపీ తీయువారు లేరు, అందరును స్నేహితులే. అయినను ఒక బల్ల వేరు! నలువదినాలుగు సంవత్సరముల క్రిందట ఆ పట్టణపు శవములను మోసినది ఎవరు? వారి బిడ్డలకే గదా ఆ బల్ల. వారు బానిసత్వమును విడిచిరి గాని బల్లను విడువలేకపోయిరి.

సారా, ఆంజెలీనా గ్రింకే అను అక్కచెల్లెండ్రు అదే సంఘములో నుండిరి. వారు దక్షిణ దేశమున బానిసల యజమానుని యింట పుట్టిన తెల్లవారు. వారు సభలో లేచి గద్దించలేదు. ఆరాధనకు వచ్చి, ఆ వేరు బల్లకు పోయి, గ్రేసు ప్రక్కను సారా ప్రక్కను కూర్చుండిరి. పెద్దలకు అది రుచింపలేదు. అయినను వారు లేవలేదు.

యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదువుడి. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానిని మంచి స్థలమున కూర్చుండుమని, మురికి బట్టలవానిని అక్కడ నిలువుమని లేక పాదపీఠమునొద్ద కూర్చుండుమని చెప్పు సంఘమును గూర్చి అపొస్తలుడు మాటలాడుచున్నాడు. అతడు వారి పాటను, ప్రార్థనను, చందాను పరిశీలింపలేదు. కూర్చున్న చోటులను చూచెను. మన గుడిలో ముందు కుర్చీలు ఎవరివి, చాపలు ఎవరివి? చందా పట్టీలో పై వరుసనున్నవాడు ఆలస్యముగా వచ్చినను అతని కుర్చీ ఖాళీగానే యుండును. ముసలి అవ్వ మోకాళ్ల నొప్పితో నేలమీద కూర్చుండును. ఎవరును ఆమెను పొమ్మనలేదు. రమ్మనను లేదు.

బ్రతికియున్నవారి సంగతి ఇట్లుండగా చనిపోయినవారి సంగతి చూడుడి. మన తోటలలో ఇప్పుడు పోటీ పెరిగినది. ఒకరు సిమెంటు కట్టినయెడల వేరొకరు గ్రానైటు పరచుదురు. మిరప అమ్మిన డబ్బు చాలక వడ్డీకి తెచ్చి తండ్రికి గోపురము కట్టినవారిని మేమెరుగుదుము. ఆ తండ్రి మందులకు అంత అప్పు చేసిన జాడ లేదు. పేరు చెక్కరాదని క్వేకరులవలె మేము చెప్పము. మంచి కాపరి తన గొర్రెలను పేరుపెట్టి పిలుచును. విధవరాలు భర్త పేరుగల చిన్న రాయి యొద్ద కూర్చుండి యేడ్చుటలో తప్పేమున్నది? అయితే లూకా 16వ అధ్యాయములో ఒక వింత గమనింపుడి. ధనవంతుడు పాతిపెట్టబడెనని వ్రాయబడినది, అతని పేరు వ్రాయబడలేదు. లాజరు పేరు వ్రాయబడినది, అతనిని పాతిపెట్టిన సంగతి లేదు.

ఇక మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన విషయము. మా పారిష్‌లోని ఒక గ్రామమున (పేరు వ్రాయము; చదువువారికి తెలియును) రెండు పల్లెలవారికి ఒకే సమాధుల తోట కలదు. పెద్దల కాలమునుండి ఉత్తరపు వైపు ఒకరు, దక్షిణపు వైపు ఒకరు పాతిపెట్టుకొనుచున్నారు. ఇప్పుడు స్థలము చాలకపోవుచున్నది. గత సంవత్సరము ఒక శవమును గీత దాటి మూడు గజముల అవతల పెట్టినందుకు మాట పెరిగెను. దానిమీద, నడుమ గోడ కట్టినయెడల తగవు తీరునని కొందరు చందా వేసి ఇటుకలు తెప్పించిరి.

2021వ సంవత్సరపు వేసవిలో కొరోనా రెండవ మారు వచ్చినప్పుడు ఆ గ్రామమున ఏమి జరిగెనో వారే జ్ఞాపకము చేసికొనవలెను. శవమును ముట్టుటకు అన్నదమ్ములు వెనుదీసిన దినములవి. ఒక పల్లెలోని నలుగురు యౌవనస్థులు ముఖములకు గుడ్డలు కట్టుకొని, అవతలి పల్లె మృతులకు గోయి త్రవ్వి, దింపి, మన్ను కప్పిరి. అప్పుడు ఏది ఉత్తరము, ఏది దక్షిణమని అడిగినవారు లేరు. మేము దూరముగా నిలిచి వాక్యము చదివితిమి. పారలు పట్టినవారు వారే. ఆ నలుగురిలో ఒకడు ఇప్పుడు లేడు. అతనిని పెట్టిన చోటునుండియే ఈ గోడ పోవలెనని నూలు త్రాడు లాగి చూచియున్నారు.

గోడ తగవును తీర్చదని మా అభిప్రాయము. స్థలము చాలకపోవుట నిజమైన కష్టమే. దానికి తహసీల్దారు గారికి అర్జీ పెట్టవలెను, రెండు పల్లెలు ఒక్కటే అర్జీగా పెట్టవలెను. వేర్వేరు అర్జీలు రెండును బల్లమీదనే యుండును. పాత సమాధులలో వారసులు లేనివాటి చోటును తిరిగి వాడుకొనుట అనేక దేశముల క్రైస్తవులలో కలదు. దానిని గూర్చి పెద్దలు ఆలోచింపవచ్చును. ఇక సిమెంటు అరుగులు ఎంత వెడల్పు కట్టవచ్చునో కొలత పెట్టి, అది ధనవంతునికిని బీదవానికిని ఒకటిగా నుంచవలెను. ఈ కొలత విషయములోనే ఎక్కువ గొడవ వచ్చునని మేమెరుగుదుము.

ఆర్చి వీధి తోటకును ఇటుకగోడ కలదని ముందు వ్రాసితిమి. అది చుట్టు కలదు, లోపల లేదు. మన గ్రామపు తోటకు చుట్టు గోడ మొన్నటి వానలకు పడమటి వైపు పడిపోయినది. పందులును గేదెలును లోపలికి వచ్చుచున్నవి. తెప్పించిన ఇటుకలు ఆ గండికి సరిపోవునని తాపీమేస్త్రి కొలిచి చెప్పెను. వానలు రాకముందే పని ఆరంభింపవలెననియు, ఏ గోడయో త్వరగా చెప్పుడనియు అతడు రెండు మారులు అడిగియున్నాడు. వచ్చే మాసము మొదటి ఆదివారము సంస్కారపు ఆరాధన తరువాత ఆ సంగతి మాటలాడుటకు కూటమి పిలిచియున్నాము. రెండు పల్లెల స్త్రీలు కూడ తప్పక రావలెను. గోతులు త్రవ్వువారు పురుషులైనను, ఈస్టరు నాడు చీకటి యుండగానే ఆ తోటకు ముందుగా వెళ్లువారు మగ్దలేనే మరియవలె వారే గదా.